ఆ ఇనుప ముఖానికి బెదిరింపు ఒక్కటే పని కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ సమురాయ్ కవచాల మీద వచ్చిన వ్యాసం చదివాం. ఆ విషయానికి తెలుగు పత్రికలో అంత చోటు దొరకడమే అరుదు కాబట్టి ముందుగా అభినందనలు. అయితే అందులో ఒక ఫోటో, ఒక వాక్యం సరిదిద్దాల్సి ఉంది. ఫోటో సంగతి చిన్నది. వాక్యం సంగతి మాత్రం కాస్త విపులంగా చెప్పక తప్పదు.

'శత్రువును వణికించిన సమురాయ్ రాక్షస ముసుగు' అని ఫోటో కింద వేశారు. రెండు కొమ్ములు, చెవుల దాకా చీలిన నోరు, కోరలు, దుఃఖంతో ముడిపడ్డ కనుబొమలు ఉన్న ఆ ముఖం పేరు హన్యా. జపాన్ సంప్రదాయ నాటకమైన నోలో అసూయతో రగిలిపోయి రాక్షసిగా మారిన స్త్రీ పాత్రకు వేసేది. హినోకి చెక్కను తొలిచి, పైన గుల్ల సున్నం, జిగురు కలిపిన పూతలు పూసి, రంగు వేస్తారు. నటుడి ముఖం మీద ఒక్క తాడుతో నిలిచే తేలికపాటి వస్తువు అది. దాని మీద కత్తి దెబ్బ పడితే నిలువునా చీలుతుంది. జ్ఞాపికల దుకాణాల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో దీన్నే 'సమురాయ్ మాస్కు' పేరుతో అమ్ముతున్నారు కాబట్టి పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలం.

ఇక వాక్యం. 'ఎదుటివారిని భయపెట్టడానికే సమురాయ్‌లు ఈ ముసుగులు ధరించేవారు' అన్నారు. ఆ 'కే' దగ్గరే మా అభ్యంతరం. భయపెట్టడం ఉంది, దాని కోసం పనివాళ్లు పడ్డ శ్రమా ఉంది. కానీ ఆ వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి చూసినవాళ్లు మొదట ముక్కునో మీసాన్నో చూడరు. గడ్డం కింద చూస్తారు.

ముఖాన్ని కాపాడే కవచ భాగాలన్నిటినీ కలిపి మెంగు అంటారు. హెయాన్, కమకురా కాలాల్లో (8వ శతాబ్దం చివరి నుంచి 14వ శతాబ్దం దాకా) వాడిన హప్పురి నుదుటినీ చెంపలనూ మాత్రమే కప్పేది. ముక్కు, నోరు బయటే. చెంపల నుంచి గడ్డం దాకా కప్పే హన్‌బో, ముక్కు మొదలు నుంచి కిందికంతా కప్పే మెన్‌పో తర్వాతివి. గడ్డం ఒక్కదానికే చిన్న పట్టీలా ఉండేది ఇంకొకటి. ముఖం మొత్తం మూసే సోమెన్ కూడా ఉంది గానీ, ఊపిరి సలపదు, పక్కకు చూపు ఆనదు, బరువు. అందుకే యుద్ధంలో దాని వాడకం తక్కువ. 16వ శతాబ్దపు అంతర్యుద్ధాల్లో ఎక్కువగా కనిపించేది మెన్‌పో. ఈ ఉత్తరంలో ముఖకవచం అన్నప్పుడల్లా దాన్నే అనుకోండి.

ఇప్పుడు గడ్డం కిందికి వద్దాం. అక్కడ మూడు విషయాలు కనిపిస్తాయి. ఒకటో రెండో చిన్న ఇనుప మేకులు కిందికి పొడుచుకుని ఉంటాయి. వాటికి దగ్గర్లో ఒక రంధ్రం, కొన్నిటికి చిన్న గొట్టం. అంచు నుంచి వేలాడే పలకల వరుసలు. ఇవి కాక రెండు చెంపల మీద చెరో కొక్కెం గానీ, నిలువు అంచు గానీ ఉంటుంది. ఈ కొక్కేలు, మేకులు శిరస్త్రాణం తాడు కోసం పెట్టినవి. మొత్తం ముఖకవచం దేని కోసం అన్న ప్రశ్నకు సగం జవాబు వీటిలోనే ఉంది.

సమురాయ్ శిరస్త్రాణం, అంటే కబుతో, 2 నుంచి 3 కిలోల బరువు ఉండేది. దాని వెనక మెడను కప్పుతూ పలకలు వేలాడతాయి. ముందు చిహ్నం నిలబడి ఉంటుంది. గుర్రం మీద పరుగెత్తినా, ఈటె తోస్తూ వంగినా ఆ బరువంతా ఒకవైపుకు లాగుతుంది. తల మీద అది కదలకుండా నిలవాలంటే తాడు బిగించి కట్టాలి. నార, నూలు, పట్టు గుడ్డను గొట్టంలా చుట్టి కుట్టిన మందపాటి తాడు అది. ఉత్త గడ్డానికే కడితే నాలుగు అడుగులు పరుగెత్తేసరికి చర్మం ఒరుసుకుపోతుంది. వదులుగా కడితే శిరస్త్రాణం కళ్ల మీదికి జారుతుంది. యుద్ధంలో ఒక్క క్షణం కళ్లు కప్పుకుపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ముఖకవచం ఉంటే ఆ లాగుడంతా ఇనుప గడ్డం మీద పడి, చెంపల దాకా పరుచుకుంటుంది.

కట్టే క్రమం ఇదీ. కాళ్లు, తొడలు, చేతులు, మొండెం, భుజాలకు కవచాలు కట్టుకోవడం పూర్తయ్యాకే తల దగ్గరికి వస్తారు. ముందు తలకు గుడ్డ చుడతారు. ముఖకవచం గడ్డం గుంటలో మెత్తటి గుడ్డ మడత ఒకటి పెడతారు. అది చెమట పీలుస్తుంది, ఇనుము గడ్డం ఎముకకు తగలకుండా చూస్తుంది. ముఖకవచానికి ఉన్న సొంత తాడును తల వెనక ముడి వేస్తారు, కానీ బిగించరు. అది జారిపోకుండా ఉంటే చాలు. ఆపైన శిరస్త్రాణం పెడతారు. దాని తాడు లోపలి అంచుకు మూడు చోట్లో, నాలుగు చోట్లో, ఐదు చోట్లో తగిలించి ఉంటుంది. తగిలింపు స్థానాలను బట్టి కట్టే తీరు మారుతుంది. ఎలా కట్టినా తాడు చెంప కొక్కేల వెనక నుంచి దిగి, గడ్డం కింద మేకుల దగ్గర ఆగి, అక్కడే ముడి పడాలి. అసలు బిగింపు ఇక్కడే.

తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. తాడు చెంప కొక్కెం వెనక పడకపోతే నున్నటి పూత మీద వెనక్కి జారి చెవి కిందికి పోతుంది. గడ్డం మేకును దాటిపోతే గొంతు మీదికి దిగి నొక్కుతుంది. ముఖకవచం తాడునే ముందు గట్టిగా బిగిస్తే దవడ కదలదు, నోట మాట రాదు. సైనికులను నడిపించేవాడికి గొంతు పోతే ఇక చేసేదేముంది? కొత్తగా కట్టుకునేవాళ్లు ఈ చివరి తప్పే ఎక్కువగా చేస్తారు.

రంధ్రం చెమట పోవడానికి. ఇనుప గుంటలో గడ్డం దగ్గర చెమట నిలిస్తే చర్మం పాసిపోతుంది. పైపూతకు బీటలుంటే ఇనుము తుప్పు కూడా పడుతుంది. ముక్కు చాలా వాటిలో విడిగా తీసేలా ఉంటుంది. రెండు పక్కలా కొక్కేలతోనో, పైన మడత బందుతోనో బిగిస్తారు. నీళ్లు తాగాలన్నా, ఊపిరి ఆడకపోయినా ముక్కు ఒక్కటి తీస్తే సరిపోతుంది, మొత్తం విప్పనక్కర్లేదు. కింద వేలాడే 3 నుంచి 5 వరుసల పలకలు గొంతుకు రక్ష. శరీరమంతా కప్పుకున్నవాడిలో శత్రువు ఈటె వెతికేది గొంతు, చంక, తొడల మధ్య భాగం. గొంతు మూసే పని ఈ పలకలది. ముఖం మీది రేకు పల్చన, దగ్గరి నుంచి కొట్టిన తుపాకీ గుండును ఆపలేదు. ఏటవాలుగా వచ్చే బాణాన్ని, కత్తి వేటును, జారిన ఈటె మొనను పక్కకు తప్పించగలదు. పోర్చుగీసు వర్తకులు 1543లో తనెగాషిమా దీవికి తుపాకులు తెచ్చాక మొండెం కవచాలు మందమయ్యాయి గానీ, ముఖానికి అంత బరువు పెట్టడం కుదరని పని.

ఇంత పని చేసే వస్తువుకు పనివాడు ముఖం కూడా ఇచ్చాడు. మీ వ్యాసం మొదలుపెట్టాల్సిన చోటు ఇదే అని మా అభిప్రాయం.

ముఖకవచాల పోలికలు చాలా రకాలు. కోపంతో ముడతలు పడ్డ చెంపలు, బయటికి కనిపించే పళ్లు, గుబురు మీసం ఉన్నది రెస్సే-మెన్. ముడతలు లేకుండా నున్నగా, నిబ్బరంగా ఉన్నది ర్యూబు-మెన్. పళ్లూడిన ముసలాయన ముఖాలున్నాయి, ఆడ ముఖాలున్నాయి, పక్షి ముక్కున్న తెంగు అనే మాయాజీవి ముఖాలున్నాయి. వీటిలో కొమ్ములు, కోరలున్న అసలు సిసలు రాక్షస ముఖం తక్కువే. రెస్సే-మెన్‌ను కాసేపు తేరిపార చూడండి. అది కోపంతో ఉన్న మనిషి ముఖం, బాగా అనుభవమున్న మధ్యవయసు యోధుడి ముఖం. ఆ కోపంలో గుడి ద్వారాల దగ్గర నిలబడే కాపలా దేవతల పోలిక కూడా ఉంది. షింగోన్ బౌద్ధంలో కొలిచే ఫుదో, అంటే మన సంస్కృతపు అచలనాథుడు, ఉగ్రరూపుడే. ఆయన బొమ్మను కవచాల మీద వేయించుకున్న యోధులున్నారు. రక్షించేవాడి ఉగ్రతకూ రాక్షసత్వానికీ తేడా తెలుగు పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. నరసింహుడిని ఇంట్లో పెట్టి పూజించేవాళ్లం మనం.

భయం పుట్టించే పనితనం దగ్గరికి వస్తే, దాన్ని నాలుగైదు చిన్న ఉపాయాలతో సాధించారు. ఒకటి లోపలి ఎరుపు. ముఖకవచం బయట నల్లగా ఉన్నా, తుప్పురంగులో ఉన్నా, లోపల చాలా వాటికి ఇంగిలీకం కలిపిన ఎర్రటి ఉరుషి, అంటే చెట్టు పాలతో చేసే పూత, పూస్తారు. తుప్పు పట్టకుండా కాపాడటం దాని మొదటి పని. ఆ ఎరుపు వెలుగు కళ్ల చుట్టూ చర్మం మీద పడి కళ్లు నిప్పుల్లా కనిపిస్తాయని చెబుతారు. రెండోది పళ్లు. బంగారు, వెండి పూత పూసిన పళ్లు నల్లటి ముఖంలో వెలుగు తగిలినప్పుడే మెరుస్తాయి, తల కాస్త తిప్పగానే మాయమవుతాయి. మూడోది మీసం. గుర్రం, అడవి పంది, జడల బర్రె వెంట్రుకలను పై పెదవి మీద చేసిన రంధ్రాల్లో కుచ్చులుగా దూర్చి ఉరుషితోనే అంటిస్తారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది నలభై ఏళ్ల మొహం ఇస్తుంది. నాలుగోది నీడ. శిరస్త్రాణం ముందు చూరు కనుబొమలను కప్పేస్తుంది, కింద నుంచి ఇనుము వచ్చి ముక్కు దగ్గర ఆగుతుంది. మధ్యలో మిగిలిన సందులో కళ్లు మాత్రమే కదులుతాయి. లోపల ఉన్నవాడి పెదవి వణుకుతోందో, దవడ బిగుసుకుందో ఎదుటివాడికి తెలియదు. మా దృష్టిలో ఈ ఆఖరిదే అన్నిటికన్నా బలమైనది. ఎదుటివాడి భయాన్ని చూసి ధైర్యం తెచ్చుకునే అవకాశం శత్రువుకు ఉండదు.

కానీ ఇదంతా ఎంత దూరం నుంచి కనిపిస్తుంది? పదాతి దళం పట్టుకునే బారు ఈటెలు 5, 6 మీటర్ల పొడుగుండేవి. ఆ దూరంలోకి వస్తే తప్ప ముఖం మీది ముడతలు, బంగారు పళ్లు కంటికి ఆనవు. బాణం దూరంలో, తుపాకీ దూరంలో ముఖకవచం ఒక నల్ల మచ్చ. దూరం నుంచి బెదిరించే పని వేరే వాటిది. వీపుకు కట్టిన జెండాలు, ఎత్తైన దళ చిహ్నాలు, శంఖాల మోత, డోళ్లు, అందరూ ఒక్కసారిగా వేసే కేక, అన్నిటికీ మించి శిరస్త్రాణం మీది ఆకారం. సేనాని హోందా తదకత్సు శిరస్త్రాణం మీది జింక కొమ్ములు కాగితం పొరల మీద ఉరుషి పూసి చేసినవి. దాతే మసమునే ప్రభువు నల్ల కవచపు శిరస్త్రాణం మీద పెద్ద నెలవంక. ఇంత పెద్ద ఆకారాలను ఇనుముతో చేస్తే మెడ విరుగుతుంది. అందుకే లోపల మామూలు ఇనుప టోపీ, పైన కాగితం, తోలు, తేలికపాటి చెక్కతో కట్టిన ఆకారం. దెబ్బ తగిలితే పైది విరిగిపోవాలి, తల మీద మాత్రం లాగుడు పడకూడదు. ఇలాంటి విడివడే కొమ్ములను వ్యాసంలో 'రాక్షస కొమ్ములు' అని ఒకే గాటన కట్టేశారు. వాటిలో జింకవి, దున్నపోతువి ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే, రెండు పక్కలకూ ఆకుల్లా విచ్చుకున్న కువగతా అసలు కొమ్ములే కాదు.

బెదిరింపును సైన్యం స్థాయిలో ఎలా చేశారో తెలుసుకోవాలంటే 'ఈ' అనే ఇంటిపేరున్న యోధ వంశాన్ని చూడాలి. వ్యాసంలో వారి ప్రస్తావనే లేకపోవడం పెద్ద వెలితి. 1582లో తకెదా వంశం కూలిపోయాక, దాని యోధులను, తర్వాత షోగన్ (సైనిక పాలకుడు) అయిన తోకుగావా ఇయెయాసు, తన సేనాని 'ఈ' నఒమసా కింద పెట్టాడు. తకెదా సేనలో యమగతా మసకగే దళం ఎర్ర కవచాలకు పేరు పొందింది. నఒమసా ఆ ఎరుపును తన దళమంతటికీ తెచ్చాడు. 1584లో కొమాకి-నగకుతే పోరులో ఆ దళం చూపించిన తెగువతో అతనికి 'ఎర్ర రాక్షసుడు' అన్న పేరు స్థిరపడింది. గమనించండి, రాక్షసుడన్న పేరు ముఖం చూసి రాలేదు. వందల మంది ఒకే ఎరుపులో కలిసి కదిలితే వచ్చింది. ఎర్ర రంగు దుమ్ములోనూ పొగలోనూ కనిపిస్తుంది. పారిపోయినవాడు కూడా అదే రంగులో అందరి కంటా పడతాడు కాబట్టి సొంతవాళ్లకూ అది కట్టుబాటే. ప్రభువు శిరస్త్రాణానికి రెండు పక్కలా పెద్ద బంగారు చిహ్నాలు, అనుచరులకు అదే చిహ్నం ముందు వైపు. దూరం నుంచి చూసినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. 1600లో సెకిగహరా యుద్ధంలో నఒమసాకు తుపాకీ గుండు గాయం తగిలింది. 1602లో చనిపోయాడు. ఆ వంశం ఎర్ర కవచాలు ఇప్పటికీ హికొనే కోట మ్యూజియంలో ఉన్నాయి.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. మ్యూజియంలో మనల్ని వెనక్కి అడుగు వేయించే భీకర ముఖాల్లో చాలా భాగం యుద్ధాలు ఆగిపోయాక చేసినవి. 1615లో ఒసాకా కోట పడిపోయింది. 1637-38లో షిమాబరా తిరుగుబాటు అణచివేశాక రెండు శతాబ్దాలకు పైగా దేశంలో పెద్ద యుద్ధం లేదు. ప్రభువులు షోగన్ ఉండే 'ఎదో' (నేటి టోక్యో) నగరానికి ఊరేగింపుగా వెళ్లి రావడం, కవచాన్ని దాని పెట్టె మీద నిలబెట్టి ప్రదర్శించడం మిగిలాయి. అలా నిలబెట్టినప్పుడు శిరస్త్రాణానికీ మొండేనికీ మధ్య ఖాళీ వస్తుంది. ఆ ఖాళీని ముఖకవచమే నింపాలి. మ్యోచిన్ వంశపు కమ్మరులు ఇనుప రేకును ముందు నుంచీ వెనక నుంచీ సుత్తితో కొట్టి ముడత మీద ముడత తేల్చిన అద్భుతాలు ఈ శాంతికాలంలోనివే. 18వ శతాబ్దపు మ్యోచిన్ మునెఅకిరా చేసిన సోమెన్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పనితనానికి చేతులెత్తి మొక్కాలి. కానీ యుద్ధం తెలిసినవాడు అంత లోతు ముడతలు పెట్టడు. సుత్తి ఎక్కువ తేల్చిన చోట రేకు పల్చబడుతుంది. జారిపోవాల్సిన ఈటె మొన ముడతలో చిక్కుకుని నిలుస్తుంది. నున్నటి ముఖమే మంచి రక్ష.

పైగా మ్యూజియం అమరిక కూడా భయాన్ని పెంచుతుంది. గాజు వెనక, సరిగ్గా మన కంటి ఎత్తులో, పై నుంచి దీపం, కళ్ల స్థానంలో చీకటి. యుద్ధంలో ఆ సందులో బతికున్న మనిషి కళ్లుండేవి, కదిలేవి, రెప్పలార్చేవి. ఖాళీ కళ్ల ముఖాన్ని చూసి 'ఆ కాలపువాళ్లు ఎంత భయపడి ఉంటారో' అనుకోవడం సరికాదు.

తయారీ గురించి వ్యాసంలో 'లక్క పూత' అని ఒక్క మాట రాశారు. మన లక్క పురుగు నుంచి వచ్చేది. ఉరుషి చెట్టు పాలు. జీడి, మామిడి కుటుంబానికి చెందిన చెట్టు అది, బెరడుకు గాట్లు పెట్టి తీస్తారు. చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో, పచ్చి ఉరుషి తగిలినా అంతే. ఎండబెడితే అది గట్టిపడదు. 20 నుంచి 30 డిగ్రీల వేడి, 70 నుంచి 85 శాతం గాలి తేమ ఉన్న మూసిన పెట్టెలో ఉంచితేనే గట్టిపడుతుంది. పొడి గాలిలో రోజుల తరబడి అంటుకుంటూనే ఉంటుంది. తేమ మరీ ఎక్కువైతే పై పొర ముందు బిగుసుకుని ముడతలు పడుతుంది. ఇనుము మీద నేరుగా పూస్తే పట్టు చాలదు కాబట్టి మొదటి పొరలను 120 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు లోహానికి కరుచుకుంటుంది. ఆ తర్వాత ఉరుషిలో మెత్తటి మట్టి పొడి కలిపి ముద్ద చేసి గుంటలు పూడుస్తారు, కొన్నిటికి ముడతలు కూడా ఆ ముద్దతోనే తీరుస్తారు. గట్టిపడ్డాక రాయితో, బొగ్గుతో నీళ్లు పోస్తూ అరగదీయడం, మళ్లీ పూయడం. పనితనం చూపించాలనుకున్న కమ్మరి మాత్రం బయటి వైపు పూత మానేసి, తుప్పును అదుపులో పెంచి గోధుమరంగు నిగ్గు తెప్పిస్తాడు. లోపలికి మాత్రం ఎర్ర ఉరుషి తప్పదు.

కాలేజీ వార్షికోత్సవాలకు, పౌరాణిక నాటకాల పోటీలకు ఆహార్యం చేసేవాళ్లు ఈ మధ్య ఇలాంటి ముఖాలు అడుగుతున్నారు కాబట్టి వాళ్లకు పనికొచ్చేవి నాలుగు మాటలు రాస్తాం. హన్యాను పట్టుకుని కవచం మీద పెట్టొద్దు. ముక్కు మొదలు నుంచి గడ్డం కింద వరకు, ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందు వరకు కొలత తీసుకోండి. లోపల చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి, లేకపోతే మాట్లాడేటప్పుడు దవడ కొట్టుకుంటుంది. మట్టి అచ్చు మీద కాగితం 6 నుంచి 8 పొరలు వేయండి, ప్రతి రెండు పొరలకూ పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద తడి వేస్తే ఆరేటప్పుడు చెంపలు లోపలికి ముడుచుకుపోతాయి. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలపడం అలవాటు. ముఖానికి, నోటికి ఆనే వస్తువుకు అది వద్దే వద్దు. ముడతలు తీర్చడానికి చేర్యాల మాస్కుల పనిలో వాడే రంపపు పొట్టు, చింతగింజల జిగురు ముద్ద భేషుగ్గా ఉంటుంది. జపాన్‌లో ఉరుషి, మట్టి ముద్ద చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది. మీసానికి పాత సవరం కొసలు కత్తిరించి కుచ్చులు కట్టండి. నోటి సందు ఒక వేలు పట్టేంత ఉండాలి, ముక్కు రంధ్రాలు నిజంగానే తెరిచి ఉండాలి. గడ్డం కింద రెండు బిరడాలు, చెంపలకు చెరో కొక్కెం పెట్టి టోపీ తాడును వాటి మీదుగానే కట్టండి. ఇవి లేకుండా ఎలాస్టిక్‌తో తగిలించిన ముఖం రెండో డైలాగుకే పక్కకు తిరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకునే నటుడికి ఇది వేయకండి. ఊపిరి పైకి తన్ని అద్దాలు మసకబారతాయి.

పాతది అని చెప్పి అమ్మేవి కొనాలనుకునే వారికీ ఒక మాట. 1868 తర్వాత సమురాయ్ వ్యవస్థ పోయి, 1876లో బహిరంగంగా కత్తి ధరించడం నిషేధించాక కవచాలు పెద్ద ఎత్తున విదేశాలకు అమ్ముడుపోయాయి. వర్తకులు ఒకదాని ముఖకవచం, ఇంకోదాని శిరస్త్రాణం కలిపి 'సెట్టు' చేసిన సందర్భాలు బోలెడు. గొంతు పలకలను కుట్టిన దారం రంగు, కుట్టు తీరు శిరస్త్రాణం మెడ పలకలతోనూ భుజ కవచాలతోనూ కలుస్తున్నాయా అని చూడండి. పై పెదవి మీద వరుసగా ఖాళీ రంధ్రాలుంటే అది మంచి గుర్తే, పురుగు తిని మీసం రాలిపోయి ఉంటుంది. గడ్డం కింద మేకులు, చెమట రంధ్రం లేకుండా పళ్లు మాత్రం తళతళలాడుతుంటే అది అలంకార వస్తువు. ఒకవేళ అసలుది చేతికి వస్తే పాలిష్ పెట్టకండి, తుప్పు గోకకండి, తడి గుడ్డ వేయకండి. ఎండ పడే గోడకు తగిలించకండి. వెలుగులోని అతినీల కిరణాలు ఉరుషి నిగ్గును చంపేస్తాయి, పట్టు దారాలు పొడిగా రాలిపోతాయి. అందుకే మ్యూజియంలలో ఇలాంటి వాటి మీద 50 లక్స్‌కు అటూ ఇటూ మసక వెలుగే ఉంచుతారు.

చూడాలనుకునేవారికి టోక్యో నేషనల్ మ్యూజియం, హికొనే కోట ఉన్నాయి. 1613లో షోగన్ తోకుగావా హిదెతదా ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు పంపిన కవచాలు అక్కడి రాయల్ ఆర్మరీస్ సంస్థ దగ్గర ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ నగరంలో ఆన్, గాబ్రియెల్ బార్బియే-ముల్లర్ మ్యూజియం అచ్చంగా సమురాయ్ కవచాలదే. పిల్లలను తీసుకెళ్లినప్పుడు ముందు నుంచి చూపించాక, పక్కకు తీసుకెళ్లి గడ్డం కింద మేకులు, తాడు ముడి కూడా చూపించండి.

మీరు సవరణ వేస్తారని ఆశిస్తున్నాం. ఫోటో కింద 'నో నాటకపు హన్యా ముఖం' అని మార్చితే చాలు. వీలైతే దాని పక్కన నిజమైన మెన్‌పో ఫోటో ఒకటి వేయండి. ముందు నుంచి తీసినదానికన్నా, కాస్త కింద నుంచి పక్కగా తీసినదైతే ఈ ఉత్తరంలో చెప్పిన మేకులు, రంధ్రం, చెంప కొక్కేలు, లోపలి ఎరుపు అంచు పాఠకులకు ఒకే బొమ్మలో కనిపిస్తాయి.

ఇట్లు,
రంగస్థల ఆహార్యం, కవచాల పని చేసే కొందరు పాఠకులం,
హైదరాబాద్